ఎర్రమేని సీతాకోకచిలుకను గుర్తించుట ఎట్లు?

కోస్తా జిల్లాలలో తోటలు గల రైతు సోదరులు ఈ సీతాకోకచిలుకను చూడకపోయి యుండరు. వానలు పడిన తరువాత దొడ్డి కంచెల వెంట, సరుగుడు తోపుల అంచులలో, లాంటనా పొదల మీద అది తాపీగా ఎగురుచుండును. రెక్కలు నలుపు. ముందు రెక్కల మీద తెల్లని పట్టీలు, వెనుక రెక్కల మీద ఎర్రని చుక్కలు, చివర రెండు తోకలు. శరీరము మాత్రము కుంకుమలో ముంచి తీసినట్లుండును. ఆంగ్లమున దీనిని 'క్రిమ్సన్ రోజ్' అందురు. శాస్త్రనామము పాక్లియోప్టా హెక్టార్. మన వైపు దీనికి స్థిరపడిన తెలుగు పేరు నేను వినలేదు గనుక ఈ వ్యాసమున 'ఎర్రమేని సీతాకోకచిలుక' అని వ్రాయుచున్నాను.

నిమ్మ, బత్తాయి, కరివేపాకు వేసిన రైతులు దీనిని చూపి, "ఇది మన తోటకు శత్రువా, కాదా?" అని తరచు అడుగుచుందురు. దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చును: కాదు. కాని మీరు చూపునది నిజముగా ఎర్రమేని సీతాకోకచిలుకయేనా అనునది వేరు ప్రశ్న. అక్కడనే పొరపాటు జరుగుచున్నది. ఆ పొరపాటు నేనును చేసితిని గనుక ముందు దానిని చెప్పెదను.

నేను ఉద్యోగమున చేరిన రెండవ సంవత్సరమది. సముద్రతీరమునకు చేరువనున్న ఒక గ్రామములో ఒక రైతు అరెకరములో కరివేపాకు నాటి యుండెను. మొక్కలు మోకాలెత్తు పెరిగి చక్కగా చిగురు వేయుచుండినవి. గట్టు మీద నిలుచుండి మాట్లాడుచుండగా తెల్లని పట్టీలు, ఎర్రని చుక్కలు గల నల్లని సీతాకోకచిలుక యొకటి మొక్కల నడుమ తిరుగుచు కనబడెను.

"సారూ, ఇది రెండు రోజుల నుంచి మొక్కల చుట్టే తిరుగుతోంది. ఏమైనా మందు కొట్టాలా?" అని రైతు అడిగెను.

కళాశాలలో చదివినది అప్పటికి ఇంకను మరువలేదు. "అక్కరలేదు. ఇది ఈశ్వరి తీగ మీద బ్రతికేది. కరివేపాకు ముట్టదు" అని ధైర్యముగా చెప్పితిని.

రెండు వారములు గడచిన తరువాత ఆయన నుండి ఫోను వచ్చెను. వెళ్ళి చూడగా అరెకరములో సగము మొక్కలకు ఈనెలు తప్ప ఆకు లేదు. బొటనవ్రేలంత లావు గల పచ్చని గొంగళిపురుగులు కొమ్మలకు అంటుకొని యున్నవి. మొదటి కోత అంతయు పోయినట్లే. ఆయన నన్ను ఒక్క మాటయు అనలేదు. ఆయన తల్లి మాత్రము అరుగు మీద కూర్చుండి ఇట్లనెను: "ఆ రోజే నాకు అనుమానం వచ్చింది బాబూ. మా దొడ్లో ఈశ్వరి తీగ మీద వాలేదాని ఒళ్ళు ఎర్రగా ఉంటుంది. దీని ఒళ్ళు నల్లగా ఉంది. ఆఫీసరు గారు చెబుతుంటే మధ్యలో నేనేం చెప్పనని ఊరుకున్నాను."

నేను రెక్కలు చూచితిని. ఆమె ఒళ్ళు చూచినది. ఈ వ్యాసములో ముఖ్యముగా చెప్పవలసినది ఇంతే. మిగిలినదంతయు దీని వివరణ.

అసలుది

ఎర్రమేని సీతాకోకచిలుక రెక్కలు చాచినపుడు ఈ కొన నుండి ఆ కొనకు 9 మొదలు 11 సెంటీమీటర్లుండును. ముందు రెక్క మీద రెండు తెల్లని పట్టీలు కలవు. ఒకటి రెక్క నడిమి భాగమున, రెండవది చిన్నది, రెక్క కొన వైపున. నరముల వద్ద తెగిపోవుటచే ఇవి గీతల వరుసవలె కనబడును. వెనుక రెక్క మీద ఎర్రని మచ్చలు రెండు వరుసలుగా నుండును. అంచు వైపు వరుసలోనివి నెలవంకల ఆకారము. ఆడదానిలో ఈ ఎరుపు కొంచెము వెలిసినట్లుండును. అంతకు మించి ఆడమగల నడుమ చెప్పదగిన భేదము లేదు.

తల, రొమ్ము ప్రక్కలు, పొట్ట ఎరుపు. రొమ్ము పైభాగము మాత్రము నలుపు. అందుచేత పై నుండి చూచి తొందరపడరాదు. పూవు మీద వాలినపుడు ప్రక్క నుండి చూడవలెను.

ఇది దక్షిణ భారతమున, తూర్పు తీరము వెంట ఒడిశా, బెంగాలుల వరకు, సింహళమునందును ఉన్నది. కొన్ని ఋతువులలో గుంపులుగా వలస పోవును. సాయంకాలము కాగానే పదులకొలది ఒకే చెట్టు కొమ్మలను పట్టుకొని వ్రేలాడుచు నిద్రించుట కలదు. అట్టి చెట్టును చూచి "పురుగు పట్టినది" అని కంగారుపడి మందు చల్లించిన వారు నాకు తెలియును. తెల్లవారి ఎండ రాగానే అవి వాటంతట అవే పోవును.

దీని గొంగళిపురుగు తినునది ఈశ్వరి జాతి మొక్కలనే. మన కంచెల మీద ప్రాకు ఈశ్వరి తీగ మీరెరిగినదే. పండి విచ్చిన కాయ చిన్న ఉట్టివలె వ్రేలాడుచుండును. నల్లరేగడి చేలలో నేల మీద ప్రాకు గాడిదగడపాకు కూడ ఈ కుటుంబములోనిదే. ఆ మొక్కలలో అరిస్టోలోకిక్ ఆమ్లములను విషము కలదు. గొంగళిపురుగు ఆకుతో పాటు ఆ విషమును తిని ఒంటిలో నిలువ చేసికొనును. సీతాకోకచిలుకగా మారిన తరువాతను అది పోదు. దీనిని నోట కరచిన పక్షి రుచి మరువదు. దీని ఎరుపు ఆ పక్షికి ఒక హెచ్చరిక. అందుచేతనే దీనికి తొందరపడి ఎగురవలసిన పని లేదు.

దీనికి తోడబుట్టినదనదగిన 'కామన్ రోజ్' అను మరియొక జాతి కలదు. దానికిని శరీరము ఎరుపే. ముందు రెక్కల మీద తెల్లని పట్టీలుండవు. వెనుక రెక్క నడుమ తెల్లని మచ్చ యుండును. అదియు ఈశ్వరి మీదనే బ్రతుకును, పైరుకు హాని చేయదు.

వేషధారి

ఇక నేను మోసపోయినది 'కామన్ మార్మన్' అను సీతాకోకచిలుకను చూచి. శాస్త్రనామము పాపిలియో పాలిటీస్. దీని మగది నల్లగా, వెనుక రెక్కల మీద అడ్డముగా తెల్లని చుక్కల వరుసతో నుండును. దానిని ఎవరును పొరబడరు. చిక్కంతయు ఆడదానితోనే. దీని ఆడవి మూడు వేషములలో కనబడును. ఒకటి అచ్చముగా మగదానివలె నుండును. రెండవది కామన్ రోజ్‌వలె, మూడవది ఎర్రమేని సీతాకోకచిలుకవలె నుండును. ఒకే తల్లి పెట్టిన గ్రుడ్ల నుండి ఒకటి కంటె ఎక్కువ వేషములు వచ్చుటయు కలదు.

పక్షులకు భయపడు ఆకారము ధరించినచో బ్రతికి బట్టకట్టవచ్చును గదా. పైగా ఆడది గ్రుడ్లు పెట్టుటకు చెట్టు చుట్టును నెమ్మదిగా తిరుగవలసియుండును. ఆ సమయమున దానికి రక్షణ అవసరము. విషము లేని జంతువు విషము గలదాని వేషము వేయుటను 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ అను ఆంగ్లేయుడు దక్షిణ అమెరికాలోని సీతాకోకచిలుకలను చూచి వివరించెను. 1865లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ మన మార్మన్ వంటి వాటి ఆడవేషములను గూర్చి వ్రాసెను. అంతకు ముందు పండితులే మోసపోయి, ఒకే జాతిలోని మగదానికి ఒక పేరు, ఆడవేషములకు వేరు పేర్లు పెట్టి యుండిరి. అట్టి పండితులే పొరబడినపుడు నా బోటి వాడు పొరబడుటలో వింత లేదని సరిపెట్టుకొనవచ్చును. కాని కోత పోయినది రైతుకు గదా. 2014లో కృష్ణమేఘ్ కుంటే మొదలగు శాస్త్రజ్ఞులు ఈ వేషముల భేదము 'డబుల్‌సెక్స్' అను ఒక్క జన్యువు చేతిలో నున్నదని కనుగొనిరి.

మరియొక చిత్రము. 1758లో లిన్నేయస్ ఈ రెంటికిని పేర్లు పెట్టినపుడు గ్రీకు పురాణములోని ట్రాయ్ రాజకుమారుల పేర్లను తీసికొనెను. ఆ కథలో హెక్టార్, పాలిటీస్ అన్నదమ్ములు. పేర్లు పెట్టినవాడు ఈ వేషము సంగతి ఎరుగడు!

ఈ వేషధారిని పట్టుకొనుట ఎట్లనగా, రెక్కలు ఎంత పోలినను శరీరము నల్లగానే యుండును. ఎర్రని శరీరము గల మార్మన్ లేదు. నల్లని పొట్ట గల ఎర్రమేని సీతాకోకచిలుకయు లేదు. ముందు రెక్కల మీది తెలుపు కూడ వేషధారిలో కొంత మసకగా నుండును, కాని అది ఆధారపడదగిన గుర్తు కాదు. పాతబడిన రెక్కలు ఏ జాతివైనను మసకబారును. ఎగురుటలో మరియొక తేడా కలదు. నింపాదిగా ఎగురుచున్నదానిని చేయి ఊపి బెదరింపుడు. అసలుది పెద్దగా పట్టించుకొనదు. వేషధారి మాత్రము వేషము మరచి వంకరటింకరగా దూసికొని పోవును.

చెట్టును చూడుడు

సీతాకోకచిలుక ఎగిరిపోయిన తరువాత శరీరము రంగు చూచుట కుదరదు. అప్పుడు చెట్టే సాక్ష్యము చెప్పును. నిమ్మ, నారింజ, బత్తాయి, కరివేపాకు, మారేడు, వెలగ ఇవన్నియు ఒకే కుటుంబములోని చెట్లు. ఈ కుటుంబపు చెట్టు లేతాకు మీద ఎర్రమేని సీతాకోకచిలుక గ్రుడ్డు పెట్టదు; పెట్టినను పిల్ల బ్రతుకదు. ఈశ్వరి తీగ మీద మార్మన్ గ్రుడ్డు పెట్టదు. కరివేపాకు మొక్క మీద వాలి, పొట్ట కొనను వంచి ఆకునకు తాకించి, ఎగిరి, మరల ప్రక్క మొక్కకు పోవుచున్నదనిన, దాని రెక్కల మీద ఎన్ని ఎర్రచుక్కలున్నను అది మన శత్రువే. ఆనాడు రైతు "మొక్కల చుట్టే తిరుగుతోంది" అని చెప్పిన మాటలోనే జవాబు ఉన్నది. నేను వినలేదు.

గ్రుడ్లును వేరు. మార్మన్ గ్రుడ్డు లేత పసుపు రంగులో గుండ్రముగా, ఆవగింజ కంటె చిన్నదిగా, ఒక్కొక్కటి వేరువేరుగా లేత చిగురు మీద ఉండును. ఎర్రమేని సీతాకోకచిలుక గ్రుడ్డు ఎరుపు కలిసిన రంగు.

గొంగళిపురుగుల విషయములో పొరపాటునకు తావే లేదు. నిమ్మ, కరివేపాకుల మీది చిన్న పురుగు పక్షి రెట్టవలె తెలుపు నలుపు మచ్చలతో ఆకు మీద కూర్చుండును. చాలమంది రైతులు దానిని రెట్ట యనుకొనియే విడిచిపెట్టుదురు. పెద్దదైన తరువాత పచ్చగా మారి ఆకు రంగులో కలిసిపోవును. ఈశ్వరి మీది పురుగు ఇందుకు పూర్తిగా విరుద్ధము: ముదురు ఊదా గోధుమ రంగు శరీరము, దాని నిండ ఎర్రని మెత్తని ముండ్లు. చూడ భయముగా నుండును. శరీరమునకు అడ్డముగా తెల్లని పట్టీ యున్నచో అది కామన్ రోజ్ పురుగు, లేనిచో ఎర్రమేనిది. ఈ పురుగు నిమ్మ చెట్ల మీదికి పాకివచ్చునను భయముతో కంచెల మీది తీగలన్నియు నరికి కాల్చిన గ్రామమొకటి నేను చూచితిని. నిమ్మ ఆకుల మధ్య విడిచినను అది ఆకలితో చచ్చును గాని నిమ్మను తినదు. ఆ సంవత్సరము ఆ ఊరి నిమ్మ తోటలలో పచ్చ పురుగు ఎప్పటివలెనే వచ్చినది.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. నిమ్మ తోటలలో కనబడు పచ్చ పురుగులలో ఎక్కువ భాగము మార్మన్ పిల్లలు కావు. 'నిమ్మ సీతాకోకచిలుక' పిల్లలు. పాపిలియో డెమోలియస్ అను ఆ జాతికి తోకలుండవు, నల్లని రెక్కల నిండ లేత పసుపు మచ్చలుండును. రెండింటి పురుగులును ఒకదానినొకటి పోలియుండును, హానియు ఒకటే, నివారణయు ఒకటే. కనుక పురుగు దశలో వీటిని విడదీయుటకు రైతు కష్టపడనక్కరలేదు.

ఏమి చేయవలెను

ముదురు నిమ్మ చెట్టుకు పది పురుగులున్నను పెద్ద నష్టము లేదు. నష్టమంతయు నారుమళ్ళలోను, నాటి రెండేండ్లు దాటని తోటలలోను, ఆకే పంటయైన కరివేపాకులోను. కొత్త చిగురు వేయు రోజులలో మూడు నాలుగు రోజులకొకసారి వరుసల వెంట నడచి చూడవలెను. గ్రుడ్లను వ్రేలితో చిదిమివేయవచ్చును. పురుగులను చేతితో ఏరి సబ్బు నీటిలో వేయవచ్చును. ముట్టుకొనగానే తల వెనుక నుండి రెండు పాయల మెత్తని కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన విడుచును. అది బెదరింపు మాత్రమే. కుట్టదు, దురద పెట్టదు. బడిపిల్లలు కూడ నిర్భయముగా ఏరవచ్చును. చిన్న తోటలకు ఇంతకు మించిన వైద్యము లేదు.

ఏరుటకు వీలులేనంత ఎక్కువగా ఉన్నచో 5 శాతము వేపగింజల కషాయము చల్లవలెను. 5 కిలోల వేపగింజల పప్పును దంచి 10 లీటర్ల నీటిలో రాత్రంతయు నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి 100 లీటర్లు చేసిన చాలును. లేదా బి.టి. అను సూక్ష్మజీవి మందు లీటరు నీటికి 1 గ్రాము చొప్పున కలిపి సాయంకాలము చల్లవలెను. ఎండలో దాని బలము తగ్గును. పురుగు చిన్నదిగా నున్నపుడే ఇది బాగుగా పనిచేయును. మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచు వారి చెంత బి.టి. చల్లరాదు. అది పట్టుపురుగును కూడ చంపును.

కరివేపాకు మీద ఘాటైన రసాయనపు మందులు చల్లుట నాకు సమ్మతము కాదు. నేడు చల్లినది ఎల్లుండి ఒకరి చారులో తేలును. నిమ్మలో తప్పనిసరియైనచో మీ గ్రామ వ్యవసాయ సిబ్బందికి పురుగును చూపి, వారు చెప్పిన మందు, చెప్పిన మోతాదు మాత్రమే వాడుడు. మందు కొట్టునపుడు కంచె మీదికి పోనీయవద్దు. ఈశ్వరి మీది పురుగు మీ ఆకు తినలేదు. పైగా కంచె పూల మీద తిరుగు తేనెటీగలకు ఆ మందు చేటు.

ఈశ్వరి తీగ ప్రస్తావన వచ్చినది గనుక మరియొక సంగతి. పాము కరచినపుడు ఈశ్వరి వేరు నమలించుట, అరగదీసి త్రాగించుట మన పల్లెలలో పాత అలవాటు. సీతాకోకచిలుకను రక్షించు ఆ విషమే మనిషి మూత్రపిండములను చెడగొట్టును. 1993లో బెల్జియము దేశపు వైద్యులు, ఈ జాతి మొక్క కలిసిన సన్నబడు మందులు వాడిన స్త్రీల మూత్రపిండములు పాడైనట్లు ప్రకటించిరి. ఈ జాతి మొక్కలు కలిసిన మందులు కాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2002లో నిర్ధారించినది. తీగను కంచె మీద ఉండనిండు, వేరును నోట పెట్టవద్దు. పాము కరచిన వానిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

గ్రామాధికారులకు, యువక రైతులకు ఒక చిన్న పని సూచించెదను. అనుమానము గల పురుగును అది కూర్చున్న కొమ్మతో సహా తెచ్చి, వెడల్పు మూతి సీసాలో పెట్టి, పలుచని గుడ్డ కట్టుడు. రోజూ అదే చెట్టు ఆకు తాజాగా వేయుచు, రెట్టలు తుడిచివేయవలెను. కొద్ది రోజులలో అది తినుట మాని, కొమ్మకు నడుముదారము కట్టుకొని, గూడుగా మారును. ఆపైన సుమారు ఒకటి రెండు వారములకు ఒక ఉదయమున సీతాకోకచిలుక బయటకు వచ్చి రెక్కలు ఆరబెట్టుకొనును. అప్పుడు అది ఎగురలేదు. ప్రక్క నుండి తీరికగా దాని పొట్ట రంగు చూడవచ్చును. నేను అరెకరము కోత పోగొట్టిన ఆ రైతు ఇంటి అరుగు మీద ఇట్టి సీసాలు రెండు ఇప్పుడును ఉన్నవి. వాటిని చూచుకొనునది ఆయన తల్లి.